మాట మోసే కేబుల్

పై వాటా అంకుల్ పోయారని పోయిన సోమవారం పొద్దున తెలిసింది. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పనిలో ఉన్నాను, ఆయన తమ్ముడు ఎంతసేపటి నుంచి తలుపు తడుతున్నాడో ఏమో. "అన్న తెల్లారంగ దవాఖానల పోయిండమ్మా" అని చెప్పి మెట్ల మీదే కూలబడ్డాడు. నాకూ ఏం చేయాలో తోచక పక్కన కూర్చున్నాను.

నాంపల్లిలోని ఈ ఇంటి కింది వాటాలో నేనొక్కదాన్నే ఉంటాను. జనం ఫోన్‌లో రికార్డు చేసుకున్న మాటలు విని టైపు చేసిపెట్టడం నా బతుకుతెరువు. రోజంతా మనుషుల గొంతులే వింటాను, నన్ను పలకరించేవాళ్లు మాత్రం ఉండరు. గన్‌ఫౌండ్రీలోని ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన అంకుల్ ఒక్కరే పలకరించేవారు.

పరిచయం ఒక మొండి కేబుల్ వల్ల అయింది. అబిడ్స్‌లో కొన్న కొత్త కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపితే చార్జింగ్ ఎక్కుతోంది గానీ ఫైళ్లు కనబడవు. రెండుసార్లు కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, తర్వాత తిట్లకు దిగాను. చర్చి నుంచి వస్తున్న ఆయన కిటికీలోంచి నా తిట్లు విని ఆగారట. కేబుల్ చూసి, "గిది అన్నం పెడ్తది గని మాట మోయదమ్మా" అన్నారు. పైకి వెళ్లి తెల్లదారం ముడేసిన తన కేబుల్ తెచ్చారు. అప్పటికీ ఫోల్డర్ ఖాళీయే. ఫోన్ లాక్ తీసి, తెర మీద అడిగినదానికి ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని నొక్కమన్నారు. ఫోన్ ఒప్పుకోనిదే కంప్యూటర్ గడప దాటదని ఆయన చెప్పేవారు.

ఫైళ్లు కనబడ్డా ఊరికే నమ్మే మనిషి కాదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "ఒకటి, రెండు, మూడు. వినబడ్తుందా?" అని రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి కాపీ చేసి, విని, రెండు చోట్లా తీసేశారు. ఎప్పుడు బాగుచేసినా అదే వరస. పనయ్యాక మన చెత్త మనమే తీసుకోవాలనేవారు. నా కంప్యూటర్‌లో నిండిపోయిన రీసైకిల్ బిన్ ఆయనకు కంటగింపు. "ఇంట్ల చెత్త రోజు పారేస్తవ్, గీ బుట్ట ఎందుకు తియ్యవ్?" అని దెప్పేవారు. తీస్తాలే అనేదాన్ని. బద్ధకం, ఎన్నడూ తీయలేదు.

ఒకసారి సుల్తాన్ బజార్ బట్టల వ్యాపారి ఒకాయన తండ్రి చెప్పిన కబుర్ల ఫైలును, కాపీ చేశాననుకుని ఆయన నాకిచ్చిన ఫోన్‌లోంచి తీసేశాను. కంప్యూటర్‌లో తీసేసింది బుట్టలో పడుతుంది, కేబుల్ మీద ఫోన్‌లోంచి తీసేసింది పోయినట్టేనని అప్పుడు తెలిసింది. అంకుల్ పొద్దంతా ప్రయత్నించి, తన వల్ల కాదని ఒప్పుకున్నారు. ఆ వ్యాపారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంకులే చొక్కా మార్చుకుని వచ్చి, "నడువమ్మా, పోయి చెప్పి వద్దాం. ఫోన్ల చెప్పే మాట గాదు" అన్నారు. దుకాణంలో నేను చెప్పినంతసేపూ పక్కన నిలబడ్డారు, మధ్యలో ఒక్క మాట కల్పించుకోలేదు. వ్యాపారి తండ్రి బతికే ఉన్నారు కాబట్టి మళ్లీ చెప్పించుకున్నాం. అంకుల్ అలా నిలబడ్డందుకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మొన్న ఆయన తమ్ముడు మళ్లీ వచ్చాడు. జ్ఞాపకార్థ కూడికలో వినిపించడానికి అన్న గొంతు ఎవరి దగ్గరా లేదట, నా దగ్గరేమైనా ఉందా అని అడిగాడు. చర్చి పాటలన్నీ రికార్డు చేసింది అంకులే కాబట్టి ఒక్కదాంట్లోనూ ఆయన లేరు. నాతోనూ ఫోన్‌లో మాట్లాడింది లేదు, పిలిస్తే మెట్లు దిగి వచ్చేవారు. లేదని చెప్పి పంపేశాక కంప్యూటర్‌లోని బుట్ట గుర్తొచ్చింది.

అంకుల్ పరీక్షకు చేసి తీసేసిన రికార్డింగులు పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి విన్నాను. అన్నింట్లోనూ ఒకటి, రెండు, మూడే. ఆఖరుదాంట్లో వెనకాల నుంచి నా గొంతు, "చాయ్ పెట్టనా అంకుల్?" అంటోంది. ఆయన జవాబు చెప్పేలోపు రికార్డింగ్ ఆగిపోయింది.

తమ్ముడికి అన్నీ కాపీ చేసి ఇచ్చాను, ఆ ఒక్కటి తప్ప. తెల్లదారం కేబుల్ నా బల్ల మీదే ఉండిపోయింది. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందల్లా ఆ ఒక్కటి పెట్టుకుంటాను. వినబడ్తుందా అని అడుగుతారు. వినబడుతోంది అంకుల్. చాయ్ సంగతే చెప్పకుండా వెళ్లారు.