బండి కంటికి బొట్టు

మణుగూరు దారిలో ఉన్న మా ఫ్యాక్టరీలో ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పార్టులు మోసేది డ్రైవర్ లేని బండి. ముందున్న అద్దపు కంటికి ఏది అడ్డొచ్చినా ఆగిపోతుంది. ఈ రోజు ఆయుధపూజలో మా ఫోర్‌మన్ మల్లయ్య సరిగ్గా ఆ కంటికే పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టాడు. ఇక బండి కదిలితే ఒట్టు!

"తుడిచెయ్ మల్లయ్యా," అన్నాడు మేనేజర్.

"పండుగ పూట బొట్టు తుడుస్తరా సార్? కావాల్నంటే మీరే తుడువుండ్రి."

మేనేజర్ జేబురుమాలు తీశాడు, తన మొహం తుడుచుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం దాకా పార్టుల డబ్బాలన్నీ మేమే మోశాం. ఆయుధానికి పూజ, విశ్రాంతి, మాకు మోత. బొట్టు తుడిచే ధైర్యవంతులు మీలో ఉంటే రేపు పొద్దున్నే రండి. నెత్తిన డబ్బాతో మా మేనేజరే ఎదురొస్తాడు.