దొంగని తిట్టబోయి ఆఫీసరమ్మని తిట్టినా

నవ్వనని మాటిస్తేనే చెప్తా. మొన్న నేనొక దొంగని పట్టుకున్నా. తీరా చూస్తే ఆ దొంగ గవర్నమెంటు ఉద్యోగి, అదీ చిక్కు!

తోటపల్లి గూడూరు పక్కన మాకు రెండెకరాల వరి ఉండాది గదా, అది నా పేరు మీదనే. ఏటా పెట్టుబడి సాయం నా అకౌంట్లోనే పడతాది. ఈసారి ఊరంతటికీ పడింది, నాకు పడలా. ఎరువులు తేవాల. మా ఆయనేమో పూటకి నాలుగుసార్లు "పడిందా రూతూ?" అంటాడు.

ఇంతలో నెల్లూరు నుంచి మా పాప ఫోన్ చేసి గంటసేపు క్లాసు పీకింది. "మా, ఆధార్ అని, బ్యాంకు అని ఎవురు ఫోన్ చేసినా నమ్మబాక. అంతా ఫ్రాడే!"

మొన్న వాకిట్లో కూర్చోని చేపలు తోముతా ఉంటే ఫోన్ మోగింది. ఎవరో ఆడపిల్ల. గొంతు తేనె!

"రూతమ్మగారేనా అండీ? రైతు సేవా కేంద్రం నుంచి మాట్లాడుతున్నా. మీ పెట్టుబడి సాయం ఆగిపోయింది. రేపటిలోగా ఆధార్ కార్డు..."

ఆధార్! ఇంకేం, దొరికింది నాకు! పక్కింటి రవణమ్మక్క కూడా వినాలని స్పీకర్ పెట్టినా.

"ఏమ్మే, సిగ్గు లేదా నీకు? కష్టపడి బతకలేవా? మా చేలో కలుపు తీసేదానికి రా, కూలి ఇస్తా!"

"అమ్మా, నేను నిజంగానే ఆఫీసు నుంచి..."

"నువ్వు ఆఫీసయితే నేను కలెక్టర్ని! పెట్టేయ్ ఫోను!"

నంబర్ కూడా బ్లాక్ చేయించినా. రవణమ్మక్క "శభాష్" అనింది. ఆ పూట పులుసులో ఉప్పు కూడా ధైర్యంగా వేసినా.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన నవ్వుకుంటా వచ్చినాడు. "రైతు కేంద్రంలో కొత్త పాప చేరింది. నిన్న ఫోన్‌లో ఎవురో తిట్టిన తిట్లకి అన్నం కూడా తినలేదంట. ఎవురో గాని మహాతల్లి! సరే గాని, నీ పేరు పెండింగ్ లిస్టులో ఉండాది. సాయంత్రం అయిదుకి క్లోజంట."

నా నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

కార్డు, ఫోను పట్టుకొని పరిగెత్తినా. కేంద్రానికి పోతే, మేడం పంట ఫోటోలు తీసేదానికి చేలోకి పోయిందన్నారు. గట్ల మీద పడి ఉరికినా. దూరంగా గొడుగు కింద ఆ పాప కనపడింది. అంతే, ఆత్రంలో కాలు జారి బురదలో బోర్లా పడ్డా! ఆ పాపే ఉరుక్కుంటా వచ్చి లేపింది. "దెబ్బ తగిలిందా అమ్మా?" అంటా తన బాటిల్ నీళ్ళతో నా మొహం కడిగింది. నాకేమో సిగ్గుతో ప్రాణం పోతా ఉండాది.

గొంతు గుర్తుపడతాదని పిల్లికూన మాదిరి సన్నగా మాట్లాడినా. ఆధార్‌తో మొహం సరిచూసేదానికి ట్యాబ్ నా ముందు పెట్టి "కళ్ళు ఆర్పండమ్మా" అనింది. ఆర్పినా. పచ్చ టిక్ పడింది. బతికినా దేవా అనుకున్నా. అప్పుడు ఆ పాప నా ఫోన్ నంబర్ చూసింది. నన్ను చూసింది. మళ్ళా నంబర్ చూసింది.

"కలెక్టర్‌గారా!"

ఆ పాప రెండు చేతులూ పట్టుకున్నా. "తల్లీ, నా నోరు పడిపోను..."

నవ్వాపుకోలేక గట్టు మీదనే కూలబడింది ఆ పిల్ల. "మా అమ్మ కూడా నన్ను అంత తిట్టలేదమ్మా! జాగ్రత్తగా ఉండారు, మంచిదే. ఈసారి మాత్రం ఒకసారి ఆఫీసుకొచ్చి కనుక్కొని, ఆ తర్వాత తిట్టండి."

డబ్బులు వారంలో పడతాయంట. కథ మాత్రం ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. ఇప్పుడు ఎవురికి తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చినా తెచ్చి నా చేతికిస్తా ఉండారు. ఈ పొద్దు ఒకడు లాటరీ తగిలిందన్నాడు, వాయించి వదిలినా. తర్వాత రవణమ్మక్క తన ఫోన్ ఇచ్చింది. వాడు నోరు తెరవకముందే మొదలుపెట్టి, వాడి ఏడు తరాలనీ కడిగేసినా.

వాడెవురో తెలుసా? కొత్త సిమ్ తీసుకున్న రవణమ్మక్క అల్లుడు!