మరచెంబు నీళ్ళు

డెబ్బైల్లో మాట. నొప్పి ఉన్నచోట మెత్తగా నొక్కి తగ్గించడం ఆసుపత్రిలో ట్రైనింగు అమ్మాయిలకు నేర్పేదాన్ని. ఒకసారి బెజవాడ బస్టాండులో నా పక్కన కూర్చున్నామె మెడ తిప్పలేక అవస్థ పడుతోంది. గుణదల తిరునాళ్ళ నుంచి వస్తోందట. ఆమెను అడిగి, మెడా భుజాలూ నెమ్మదిగా సర్దాను.

"తేలికపడిందండీ" అని తల అటూ ఇటూ తిప్పి నవ్వింది.

నేను మరచెంబు మూత తీసి చేతులు కడుక్కున్నాను. ఏ పేషెంటును ముట్టుకున్నా అంతే.

ఆమె నవ్వు ఆగిపోయింది. పమిట భుజాల చుట్టూ లాక్కుని, "మాది హరిజనవాడని ముందే చెప్పాల్సిందండీ" అంది.

"అయ్యో, అది ఆసుపత్రి అలవాటమ్మా" అన్నాను. తలూపింది. లేచి వెళ్ళి దూరంగా స్తంభం దగ్గర నిలబడింది.

పేషెంటు వెళ్ళాకే చేతులు కడుక్కోమని రిటైరయ్యేదాకా నా అమ్మాయిలకు చెప్పాను. ఎందుకని అడిగితే మాట దాటేసేదాన్ని.