సిలిండరుకు ప్రవేశం లేదు

మా ఇంట్లో దేవుడి దీపం ఇప్పుడు వంటింటి గట్టు మీద వెలుగుతుంది. దేవుడి అలమర మాత్రం ఎప్పటిలాగే పడకగదిలో, మావారి మంచం పక్కనే ఉంది. ఆక్సిజన్ సిలిండరు మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు, దాన్ని తెచ్చిన దుకాణం మనిషి గదంతా కలయజూసి, దీపపు కుంది వైపు వేలు చూపించి, "మాతాజీ, ఇది ఇక్కడ వద్దు. దీని దగ్గర నిప్పన్నదే ఉండకూడదు" అన్నాడు. ఆ సాయంత్రమే కుందిని తీసి వంటింట్లో పెట్టాను. హారతి అక్కడే ఇచ్చి, ఆ వేడిని రెండు అరచేతుల్లో పట్టుకుని, చల్లారేలోగా గబగబా నడిచి వచ్చి ఆయన కళ్ళకు అద్దుతాను.

"ఇవాళ రైలు లేటా? హారతి చల్లారిపోయింది" అని వేళాకోళం చేస్తారాయన.

వేళాకోళం చేయడానికి ఊపిరి మిగిలింది, అంతే చాలు స్వామీ అనుకుంటాను. అలా అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. నేను బడి మొహం ఎరగను. మా అమ్మే ఇంట్లో బియ్యంలో అక్షరాలు దిద్దించింది, పద్యాలు చెప్పింది. ఏ పూటకా పూట పాఠం అయ్యాక "ఇవాళ్టికి ఇంత దొరికింది" అని దణ్ణం పెట్టించేది. ఢిల్లీ వచ్చాక హిందీ అక్షరాలు కూడా అలాగే, కూరగాయల బండి మీద ధరల పలకలు చూసి కూడబలుక్కున్నాను. దానికీ దణ్ణం పెట్టుకున్నాను.

ఆయనది బందరు వైపు. ఉద్యోగమంతా ఇక్కడే, ఒక సర్కారు ఆఫీసులో. చాలా ఏళ్ళు సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉన్నాం. ఆ రోజుల్లో ఆఫీసు గదిలో బల్ల బల్లకూ ఒక యాష్‌ట్రే ఉండేది; మావారి బల్ల మీదది ఎప్పుడూ నిండుగానే ఉండేదట. రిటైరయ్యాక ఢిల్లీ పొలిమేరలో చిన్న ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాం. మాకు పిల్లలు లేరు. ఒకరికొకరం ఉన్నాం. సిగరెట్లు మానేశారు గానీ, ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతినిపోయాయి. ఇక రైలు ప్రయాణం వద్దన్నారు, విమానం అసలే వద్దన్నారు. బందరు తీసుకెళ్ళమని ఆయన నన్నెప్పుడూ అడగలేదు. ఒకసారి మాత్రం, కాళ్ళకు నూనె రాస్తుంటే, "ఇసుకలో మడమలు పెట్టి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

కిందటేడు మా వైపు ఒక చెరువు తవ్వి, గట్టు పొడుగునా లారీలతో ఇసుక పోయించి, ఎక్కడి నుంచో పెరిగిన తాటిచెట్లు తెచ్చి నాటి, దానికి బీచ్ అని పేరు పెట్టారు. చుట్టూ ఇనుప కటకటాలు, గేటు, టికెట్టు. ఆదివారం వస్తే సగం ఢిల్లీ అక్కడే ఉంటుంది. పెడల్ పడవ వెళ్ళినప్పుడు మాత్రం ఒడ్డుకు చిన్న అల ఒకటి వస్తుంది.

వర్షాలు తగ్గి గాలి తేటపడిన రోజులవి. డాక్టరుగారు, "దీపావళి దాకా సాయంత్రాలు కాసేపు బయట కూర్చోబెట్టండి. ఆ తర్వాత కిటికీ కూడా తెరవొద్దు" అన్నారు. ఈ ఊళ్ళో ఆ ఐదారు వారాల గాలీ ప్రసాదం లాంటిది. చిన్న సిలిండరును గుడ్డ సంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, ఆటోలో ఆ బీచ్‌కి తీసుకెళ్ళాను. చెప్పులు విప్పి, మడమలు ఇసుకలోకి దిగేసి కూర్చున్నారు. ముక్కుకు గొట్టం, మోకాళ్ళ మీద చేతులు. పడవ వెళ్ళింది. అల వచ్చింది.

"వచ్చిందోయ్" అన్నారు, నేనెక్కడ చూడలేదో అని.

నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది. కూడబలుక్కుని చదివాను. పొగ తాగరాదు, తాగితే జరిమానా. మందు తాగరాదు. కుక్కలను తేరాదు. ఇసుక తీసుకుపోరాదు. ఇలా చాలా ఉన్నాయి. ఇసుకలో మాత్రం ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక సిగరెట్టు పీక తగిలేది. మా వెనకా ముందూ గుంపులు గుంపులుగా కూర్చుని కాల్చేవాళ్ళు. నేను భయంతో సంచిని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టేదాన్ని. చేతులు అడ్డం పెడితే నిప్పు ఆగుతుందా?

కాపలాదారు ఒక్కడే. మెడలో ఈల. అతని దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"నేనేం చెయ్యను అమ్మాజీ?" అన్నాడు. "మొన్న ఒకణ్ణి ఆర్పమన్నాను. 'నువ్వెవడ్రా నాకు చెప్పడానికి' అని కాలర్ పట్టుకున్నాడు. వాళ్ళు పెద్ద బండ్లలో వస్తారు. నాకు ఈల ఇచ్చారు గానీ చలానా రాసే పుస్తకం ఇవ్వలేదు."

నా తృప్తి కోసం ఒకసారి ఈల ఊదాడు. ఎవరూ తల తిప్పలేదు. పడవలో ఉన్నవాళ్ళు తమకేమోననుకుని ఒడ్డుకు వచ్చేశారు.

ఒక ఆదివారం మా వెనక నుంచి పొగతోపాటు తెలుగు వినబడింది. చూస్తే ముగ్గురు నలుగురు కాలేజీ ఈడు పిల్లలు; సిగరెట్టు ఒక అమ్మాయి చేతిలో ఉంది. వెళ్ళి, "అమ్మా, తప్పుగా అనుకోకు. ఆయనకు ఊపిరి ఆడదు. పైగా ఈ సంచిలో ఉన్నది ఆక్సిజను" అన్నాను.

ఆ పిల్ల గబుక్కున లేచింది. "అయ్యో ఆంటీ, సారీ ఆంటీ. నేను అస్సలు సూడలే" అని సిగరెట్టును నీళ్ళ బాటిల్లో వేసి మూత పెట్టింది. తర్వాత తనే వచ్చి మావారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"అప్పుడే ఆర్పేశావా?" అన్నారాయన. "సగం కూడా కాలలేదు కదమ్మా. వాసన బాగానే ఉంది."

"మీరేమో గిట్లంటరు, ఆంటీ ఏమో గట్ల జూస్తరు!"

"ఆవిడ చూపు అంతే. నలభై ఏళ్ళు నన్నూ అలాగే చూసింది. నేను మానానా?"

"మరి ఎప్పుడు మానిన్రు అంకుల్?"

ఆయన ముక్కు దగ్గరి గొట్టం చూపించారు.

కరీంనగర్ వైపు పిల్ల. మునిర్కాలో అద్దె గదిలో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చి మా పక్కనే కూర్చునేది. దేశంలో ఎన్ని చట్టాలున్నాయో ఆయనకు అప్పజెప్పేది. ఆయన ఆఫీసులో ఫైళ్ళు ఎలా నడుస్తాయో చెప్పి ఆ పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు చల్లేవారు. మధ్యలో ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే లేచి వెళ్ళి హిందీలో పోట్లాడేది. వాళ్ళు నవ్వి నాలుగడుగులు పక్కకు జరిగేవాళ్ళు. గాలి మాత్రం ఇటే వచ్చేది.

ఒకరోజు ఆ పిల్లకు నా దీపం సంగతి చెప్పాను. నిప్పు దగ్గర ఉండకూడదని దేవుడి కుందినే పక్క గదికి జరిపాను, వీళ్ళు ఒక్క సిగరెట్టు జరపరేమమ్మా అని. మామూలుగా అలా అనను. ఆ రోజు ప్రాణం విసిగి అన్నాను.

"ఆంటీ, ఇది మాటలతోని అయ్యేది కాదు. కంప్లైంట్ పెడతా. ఫొటోతోని పెడతా."

"వద్దులే తల్లీ, ఎవరి కడుపో కొట్టినట్టవుతుంది."

"ఎవ్వరి కడుపు కొట్టం. రూల్ ఉన్నది గదా ఆంటీ, రూల్ అమలు చెయ్యమంటం. అంతే."

ఆయన ఫొటో తీసింది. ముక్కుకు గొట్టం, పక్కన నా ఒళ్ళో సంచి, వెనక ఎవరిదో చేతిలో సిగరెట్టు. రాసిందంతా నాకు తెలుగులో చదివి వినిపించింది. బహిరంగ ప్రదేశంలో పొగ తాగుతున్నారు, పక్కనే ఆక్సిజన్ సిలిండరు ఉంది, నిప్పు తగిలితే పెద్ద ప్రమాదం జరగవచ్చు అని. ఎంత బాగా రాసిందో అనుకున్నాను. ఇంటికి వెళ్ళి ఆ పిల్ల పేరున కూడా ఒక వత్తి వేశాను.

తర్వాతి ఆదివారం ఆ పిల్ల గేటు దగ్గరే మా కోసం చూస్తోంది. ముగ్గురం లోపలికి వెళ్ళబోతుంటే కాపలాదారు అడ్డం వచ్చాడు. ఎప్పుడూ నమస్తే పెట్టేవాడు, ఆ రోజు నా మొహం చూడలేదు.

"అమ్మాజీ, సిలిండర్ లోపలికి పోకూడదు."

"అదేమిటి భయ్యా, ఇన్నాళ్ళూ వస్తూనే ఉన్నాం కదా?"

"ఊపర్ సే ఆర్డర్, పై నుంచి. కంప్లైంట్ వచ్చిందట. సాహెబ్ వచ్చి చూసి వెళ్ళారు." బోర్డు వైపు చెయ్యి చూపించాడు. చివరి వరుస కింద కొత్త రంగుతో ఇంకొక వరుస రాసి ఉంది. రంగు ఇంకా జిగురుగానే ఉంది. అన్ని రకాల గ్యాస్ సిలిండర్లు నిషేధం.

ఆ పిల్ల బోర్డు చదివి అతని మీదికి వెళ్ళింది. "భయ్యా, కంప్లైంట్ చేసింది నేను! సిగరెట్ల మీద చేసిన!" అని తెలుగులో అరిచి, మళ్ళీ హిందీలో అరిచింది. అదిగో చూడు, అదిగో వాడు తాగుతున్నాడు, వాణ్ణి ఆపు అంది. నిజమే, తాటిచెట్టు కింద బెంచీ మీద ఒకతను హాయిగా కాల్చుకుంటున్నాడు.

"మేడమ్‌జీ, సిగరెట్టు జేబులో పెట్టుకుని వస్తే నాకెలా తెలుస్తుంది? ఇది కనపడుతుంది" అన్నాడు కాపలాదారు. అతని గొంతులో దబాయింపు లేదు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, నా ఉద్యోగం పోతుంది."

అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వెనక్కి వెళ్దామని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కదల్లేదు. కటకటాల్లోంచి నీళ్ళ వైపు చూస్తున్నారు. ఎల్లుండే దీపావళి. గాలి రంగు మారడం నాకే తెలుస్తోంది, ఆయనకు తెలియదా?

"సిలిండరుకే కదా ప్రవేశం లేనిది" అన్నారు. ముక్కు దగ్గరి గొట్టం తీసి నా చేతిలో పెట్టారు. "నాకుంది. అమ్మాయీ, చెయ్యి అందుకో."

"వద్దండీ" అన్నాను. "అంకుల్, వద్దు" అంది ఆ పిల్ల. ఆయన అప్పటికే నడుస్తున్నారు. పరుగెత్తి వెళ్ళి చెయ్యి అందుకుంది.

ఇంట్లో గొట్టం లేకుండా స్నానానికి వెళ్ళి వస్తారు. ఇదీ అంతే దూరమని నాకు నేను చెప్పుకున్నాను. కటకటాలు పట్టుకుని నామం చెప్పుకుంటూ నిలబడ్డాను. ఇసుక మొదలయ్యే చోట చెప్పులు విప్పబోయి వంగారు. వంగినవారు లేవలేదు. మోకాళ్ళ మీద కూలబడిపోయారు.

"ఆంటీ!"

నేను సంచి పట్టుకుని లోపలికి పరుగెత్తాను. కాపలాదారు పక్కకు తప్పుకున్నాడు, ఈల ఊదలేదు. వెళ్ళేసరికి బెంచీ మీద కూర్చున్న అతనే ఆయన్ని భుజాల కింద పట్టుకుని లేవదీస్తున్నాడు. "అంకుల్‌జీ, అంకుల్‌జీ, నీళ్ళు తాగుతారా?" అంటున్నాడు. పాపం మంచివాడే. రెండు వేళ్ళ మధ్య సిగరెట్టు ఇంకా మండుతోంది.

నా కాళ్ళు ఆగిపోయాయి. చేతిలో ఆయన ఊపిరి ఉంది. ఎదురుగా ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. మధ్యలో ఆ నిప్పు. ముందుకు వెళ్ళలేను, నిలబడలేను. "ఆర్పు బాబూ, ఆర్పు" అని అరిచాను, తెలుగులో. హిందీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. అతను నేను ఏడుస్తున్నాననుకుని, భయం లేదు మాతాజీ అంటూ నన్నే ఓదారుస్తున్నాడు. చివరికి ఆ పిల్ల అతని చేతిలోంచి సిగరెట్టు లాక్కుని దూరంగా పరుగెత్తి నీళ్ళలో విసిరేసింది.

గొట్టం పెట్టాను. ఎంతసేపటికో ఆయన కళ్ళు తెరిచారు. చుట్టూ మూగినవాళ్ళలో కొందరు వీడియో తీస్తున్నారు. అప్పుడు ఊదాడు కాపలాదారు ఈల. గుండెలు పగిలేలా ఊదాడు. ఒక్కడూ కదల్లేదు.

మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. దీపావళి దాటింది. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. మధ్యాహ్నానికి కూడా ఎదుటి మేడ కనబడదు. ఆయన మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి. మాటలు తగ్గిపోయాయి. ఆ పిల్ల రోజూ ఫోను చేసి, "నా వల్లనే అయింది ఆంటీ" అనేది. కాదమ్మా అని చెప్పేదాన్ని. నిజంగానే కాదు.

నిన్న ఆదివారం తలుపు తడితే ఆ పిల్లే, రెండు చేతుల్తో బరువైన సంచి మోసుకుంటూ. సిగరెట్టు వాసన ముందే వచ్చింది.

"ఒక్కటే తాగిన ఆంటీ, మెట్రో దిగినంక" అంది నేను అడక్కుండానే. సంచి నిండా ఇసుక. "గేటుకాడి భయ్యా ఇచ్చిండు. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు, అది గుడ రూల్‌ల ఉన్నదట."

ముందు జల్లించాలనిపించి పిండి జల్లెడ తెచ్చాను. బాల్కనీ తలుపు మూసే ఉంచి, ముందు గదిలో కాగితం పరిచి ఇద్దరం కూర్చుని జల్లించాం. ఇసుక కిందికి జారింది. జల్లెడలో అన్నీ పీకలే. ఆ పిల్ల తల వంచుకుని ఒక్కొక్కటీ ఏరి కవర్లో వేసింది.

పెద్ద బేసిన్లో ఇసుక పోసి ఆయన కుర్చీ ముందు పెట్టాను. పాదాలు నేనే ఎత్తి పెట్టాను. మడమలు కాస్త కదిపారు. అంతలో వంగి వేళ్ళతో దేన్నో తీశారు. నా కంట పడకుండా మిగిలిన పీక. దాన్ని చూసి, ఆ పిల్లను చూసి నవ్వబోయారు. దగ్గు వచ్చింది.

దగ్గు తగ్గాక, "అల రాదుగా" అన్నారు.

ఆ పిల్ల బేసిన్‌ను పట్టుకుని మెల్లగా ఊపింది. కాస్త ఇసుక ఆయన పాదాల మీదికి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

సంజె వేళయింది. వంటింట్లోకి వెళ్ళి దీపం పెట్టాను. హారతి ఇస్తూ, అంతే చాలు స్వామీ అని రోజూ చెప్పుకునే మాట చెప్పుకోబోతే నోటికి రాలేదు. ఊరికే కళ్ళు మూసుకుని నిలబడ్డాను. అరచేతుల్లో వేడి పట్టుకుని గదిలోకి వచ్చాను. ఇసుకలో పాదాలు పెట్టుకునే నిద్రపోయారాయన. ఛాతీ ఎగసి పడుతోంది, గొట్టంలో గాలి చప్పుడు వినబడుతోంది. లేపడానికి మనసు రాలేదు. ఆ పిల్ల వైపు చూస్తే తన రెండు చేతులూ చాచింది. అప్పటికే నా అరచేతుల్లో వేడి ఆరిపోయింది. అయినా ఆ చేతుల్లో నా చేతులు పెట్టాను.