నాలుగో భాగానికి ఉంచిన చోటు

"మీ సార్ పోయిండమ్మా" అని ఆయన భార్య ఫోన్ చేసేసరికి నేను ఆయన ఫైలే పూర్తిచేసి పంపి, తీరిగ్గా టీ తాగుతున్నాను. ఆ తీరిక తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పాల్వంచలో ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. గనులకూ యంత్రాలకూ సంబంధించిన ప్రమాణాల పుస్తకాలను ఎక్స్‌ఎంఎల్‌లోకి మారుస్తాం. ఏది శీర్షికో, ఏది బొమ్మో కంప్యూటర్‌కు తెలిసేలా ట్యాగులు పెట్టాలి. నాకా పని నేర్పింది ఆయనే. బొగ్గుగనిలో నడుము దెబ్బతిన్నాక కంప్యూటర్ నేర్చుకున్న మనిషి.

మొదటి వారంలోనే ఎ, బి, సి భాగాలున్న బొమ్మను మూడు బొమ్మలుగా విడగొట్టాను. "గవి మూడు బొమ్మలు కాదు బిడ్డా. ఒక్కదానికే మూడు ముక్కలు. ఒక్క గ్రూపుల పెట్టు. ఇది సూసే ఒకడు లోపటికి దిగుతడు" అన్నారు. బొమ్మలో మనిషి కనిపిస్తే ట్యాగ్ పెట్టేముందు తెరమీద వేలితో తాకేవారు. "వానికి నొప్పెడ్తదా సార్?" అని ఆటపట్టించేవాళ్లం. ఆయన మాత్రం నవ్వేవారు కాదు.

ఆయన దవాఖానాలో చేరాక, ఆయన చేస్తున్న చివరి ఫైలు నాకొచ్చింది. గని కప్పుకు దన్నుగా పెట్టిన ప్రాపును తాడుతో లాగి తీసే పద్ధతి. కప్పు కూలేలోపు మనిషి ఎటు తప్పుకోవాలో "డి చూడండి" అని ఉంది. పుస్తకం స్కాన్‌లో చూస్తే ముక్కలు సి దాకానే ఉన్నాయి. ఆ గ్రూపులో ఆయన డి పేరుతో ఖాళీ చోటు ఉంచారు. దానికి తనిఖీ ప్రోగ్రాం ఎర్రగీతతో తప్పు చూపించింది. ఆ చోటునూ, ఆ వాక్యాన్నీ తీసేశాను. ఎర్రగీత పోయింది. అదే నేను పంపిన ఫైలు.

దహనమైన మూడో రోజు పొద్దున ఆయన కంప్యూటర్ తెరిచాను. మధ్యాహ్నం ఆ పుస్తకం పంపినవాళ్ల నుంచి ఆయన పేరిట జవాబొచ్చింది: "ఈ ఉదయం మీరడిగిన నాలుగో భాగం జతచేశాం."

ఎప్పుడో పంపబోయి ఆగిపోయిన మెయిలు, కంప్యూటర్ తెరవగానే వెళ్లి ఉంటుంది. అంతే అయ్యుంటుంది. అయినా కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాను.

"ఏందక్కా, గట్లైనవ్?" అంది పక్క సీటు అమ్మాయి.

"సార్ అడిగిండట" అన్నాను. ఏడుపొచ్చేసింది. ముక్కూమొహం తెలియని ఒక గని మనిషి ప్రాణం మీదికి తెచ్చేదాన్ని.

పంపిన ఫైలు ఆపించి, తీసేసిన చోటు మళ్లీ పెట్టాను. ఎ భాగంలో మనిషి ప్రాపు పక్కన నిలబడ్డాడు. బిలో తాడు కడుతున్నాడు. సిలో దూరం నుంచి లాగుతున్నాడు. డి తెరిచాను. కప్పు కూలి ఉంది. తాడు నేలమీద పడి ఉంది. అతను నడిచి వెళ్లిన దారి చుక్కల గీతగా బొమ్మ అంచుదాకా ఉంది. మనిషి లేడు.