మేస్త్రమ్మ పరంజా

మా ఆఫీసులో ఆవిడని అందరూ మేస్త్రమ్మ అంటారు. ఇటుకా సిమెంటూ ఏనాడూ ముట్టుకున్న మనిషి కాదు. ఆవిడ పనంతా ప్యాకేజీ మేనేజరు మీద. మేనేజరంటే మనిషి అనుకునేరు, అదొక ప్రోగ్రాము. కంప్యూటర్లోకి మిగతా ప్రోగ్రాములన్నిటినీ తెచ్చిపెట్టేదీ, దేనికి ఏది తోడు కావాలో చూసేదీ, అక్కర్లేనిదాన్ని పీకి పారేసేదీ అదే. మనుషులు రాసిన కోడుని యంత్రం నడపగలిగే ప్రోగ్రాముగా మార్చడాన్ని మేం కట్టడం అంటాం. పదకొండేళ్లుగా ఆ కట్టుబడంతా ఆవిడ చేతి మీదే నడిచింది. నేను పక్క కుర్చీలో కూర్చుని కట్టినదాంట్లో తప్పులు పడతాను. నా నోరు మంచిది కాదని చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

ఆవిడ ప్రాణానికి పట్టిన శని ఫోను. ఎక్కడో ఒక కొత్త కంప్యూటర్లో కట్టుబడి ఆగిపోతుంది, ఫోను మోగుతుంది. తమ్ముడి పెళ్లిలో మోగింది. పన్ను పీకించుకుంటుంటే మోగింది. రెండేళ్ల కిందట కూతురి మొదటి కాన్పప్పుడు ఆస్పత్రి వరండాలో మోగింది. నర్సు పసివాణ్ణి తెచ్చి చేతులు చాపమంటే, ఈవిడ చెవి దగ్గర ఫోను, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని "ఒక్క నిమిషమమ్మా" అంది. ఆ నిమిషం నలభై నిమిషాలయింది. మనవణ్ణి వియ్యపురాలు అందుకుంది.

ఆ ఫోను చేసింది నేనే. దాచడమెందుకు.

ఇప్పుడు రెండో కాన్పు. కూతురు మొహం మీదే చెప్పేసిందట: "అమ్మా, వస్తే నువ్వొక్కదానివే రా. నీ ఫోనుని వెంటేసుకుని వచ్చేట్టయితే అసలు రావద్దు." ఆ మాట నాకు చెప్పి మేస్త్రమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. తుడిచినవే మళ్లీ తుడిచింది.

"పది రోజులే. నేను లేకుండా పది రోజులు ఇది తనని తాను కట్టుకోగలగాలి" అంది.

చిక్కెక్కడంటే, ఏ కంప్యూటర్లో కడితే ఆ కంప్యూటర్లో ముందే పడున్న పనిముట్లని అడిగి పుచ్చుకుని కడుతున్నాం. ఒకచోట ఉన్నది ఇంకోచోట ఉండదు. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా! అందుకని తొమ్మిది నెలలుగా ఆవిడ అన్నీ సొంతంగా ఉండే చోటొకటి తయారు చేస్తోంది. కోడుని మార్చే పనిముట్టుని కంపైలరంటారు. అదీ ప్రోగ్రామే కాబట్టి దాన్ని కట్టడానికి ఇంకో కంపైలరు కావాలి, దానికి మరొకటి. చెట్టు ముందా విత్తు ముందా? మేస్త్రమ్మ విత్తు దగ్గర మొదలుపెట్టింది. ఒక పూటలో మనిషి చదివేయగలిగినంత చిన్న ప్రోగ్రాము. దానితో ఒక బుల్లి కంపైలరు, దానితో కాస్త పెద్దది, దానితో అసలుది. అసలుది రాగానే కిందవన్నీ పరంజా విప్పినట్టు విప్పేసి, దానితోనే అన్నిటినీ మళ్లీ కట్టాలి. బయటనుంచి గుండుసూది కూడా లోపలికి రాకూడదు.

"పాతదే నడుస్తోందిగా మేడమ్, ఇంత తంటా ఎందుకు?" అన్నాడు మా మేనేజరు. ఈయన మాత్రం మనిషే.

"అది నడవట్లేదు సార్. నేను మోస్తున్నాను" అంది.

శనివారం ఆవిడ బస్సు. సోమవారం పొద్దున పరీక్ష పెట్టుకుంది. నెట్‌వర్కు తీగ పీకేసిన కొత్త కంప్యూటరు, కట్టుబడి ఓనమాలు తెలియని నేను, ఆవిడ రాసిన తొమ్మిది కాగితాలు. ఆవిడ వెనక కూర్చోవాలి, నోరు మెదపకూడదు. ఆ షరతూ ఆవిడదే. నేను అక్షరం పొల్లుపోకుండా కొట్టుకుంటూ పోయాను. ఇరవయ్యో నిమిషంలో టక్కున ఆగింది. తెర మీద ఒకే వాక్యం: ఫలానా ఫైలు దొరకలేదు. ఆ ఫలానా ఫైలు ఎవరి ఫోల్డర్లోది? మేస్త్రమ్మదే!

పదకొండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన వారంలో, తన సౌకర్యం కోసం రాసుకున్న పదిహేను వరసల ముక్క అది. కట్టుబడి మొదటి మెట్టు దాన్నే పిలుస్తోంది. ఆఫీసులో ఏ కంప్యూటర్లోంచైనా అందరి ఫోల్డర్లూ నెట్‌వర్కు మీద అందుతాయి కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ప్రపంచంలో అందరి దగ్గరా అరువు మానేసిన మనిషి, తన దగ్గర తాను అరువు పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ యవ్వారం!" అనేశాను.

ఆవిడ షరతు ప్రకారం నోరు మెదపకూడదు కదా. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఆ వాక్యం వంకే చూస్తూ కూర్చుంది. ఆ మాట ఎందుకన్నానా అని ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

మంగళ, బుధ, గురువారాలు వెతికితే అలాంటివి ఇంకో రెండు బయటపడ్డాయి. మూడూ మార్చింది. గురువారం సాయంత్రం తన ఫోల్డరుకి తానే తాళం వేసింది, ఎవరికీ అందకుండా, తనకి కూడా. శుక్రవారం మళ్లీ నేను, మళ్లీ కాగితాలు. ఆరు గంటలు పట్టింది. కుర్చీలో నడుం పడిపోయింది. సాయంత్రం నాలుగుంబావుకి అన్నీ పూర్తయ్యాయని తెర మీద కనబడింది. నేను ఎగిరి గంతేశాను. మేస్త్రమ్మ లేచి తన ఫోను తెచ్చి నా సొరుగులో పడేసింది.

"కొంప మునిగితే?" అన్నాడు మేనేజరు.

"కాగితాలున్నాయి" అంది.

మూడో రోజే ఓ కొత్త కంప్యూటర్లో కట్టుబడి ఆగింది. గాభరా పడిపోయి, అలవాటు చొప్పున ఆవిడ నంబరు కొట్టాను. నా మోకాలి పక్కన సొరుగు మోగింది. మేనేజరు పడీపడీ నవ్వాడు. మొహం కందగడ్డ చేసుకుని ఆరో కాగితం తీశాను. డిస్కు నిండితే ఏం చెయ్యాలో అందులో శుభ్రంగా రాసుంది. చేశాను, నడిచింది.

ఆ ఫోనుకి రోజూ ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. ఎనిమిదో రోజు పదకొండింటికి సొరుగు దానంతటదే మోగింది. కూతురి నంబరు. ఎత్తితే మేస్త్రమ్మ.

"ఆస్పత్రిలో ఉన్నానే. అమ్మాయిని లోపలికి తీసుకెళ్లారు. కాలు నిలవట్లేదు, అందుకని చేశా. అక్కడ ఏమైనా ఆగిందా?"

"ఒకసారి ఆగింది. మేమే సరిచేసుకున్నాం."

"నన్ను అడగలేదే?"

"అవసరం పడలేదండీ" అన్నాను. అని, నాలుక కరుచుకున్నాను. పదకొండేళ్ల మేస్త్రమ్మతో అనాల్సిన మాటేనా అది?

అటునుంచి వరండాలో ఏదో బండి చక్రాలు పోతున్న చప్పుడు. తర్వాత తలుపు తెరుచుకుంది, సన్నగా ఏడుపు వినబడింది. "అమ్మమ్మగారెవరండీ? పాపని పట్టుకోండి" అంటోంది ఓ ఆడగొంతు.

"ఉంటానే. రెండు చేతులూ కావాలి" అని మేస్త్రమ్మ పెట్టేసింది.