రుచి చూడ్డం తినడం కాదట

మా అన్నయ్య బెల్లం తినడు. ఈ మాట డాక్టరమ్మ ముందు గుండె మీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు. పక్క కుర్చీలో నేనున్నానన్న భయం కూడా లేదు. అనకాపల్లి మార్కెట్లో ముప్ఫై ఏళ్లుగా బెల్లం కొనే వ్యాపారి. పొద్దున్నే దిమ్మల వరస వెంట నడుస్తూ, ఒక్కో దిమ్మనీ గిల్లి నోట్లో వేసుకోవడమే అతని పని.

"మరి మార్కెట్లో నోట్లో వేసుకునేదేంటి?" అన్నాను.

"అది రుచి సూడ్డమే. తినడం కాదు."

"మింగుతావా, లేదా?"

"సూసేరా డాక్టరుగారూ? సెల్లిని బీఎస్సీ సదివించినందుకు మా పేనాలు తోడేత్తంది."

నాకు నవ్వు రాలేదు. రెండు నెలలుగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలన్నాడు, వేడి చేసిందన్నాడు, మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. మా నాన్న కూడా మొలలనే అనుకున్నాడు. తీరా తెలిసేసరికి పెద్దపేగు క్యాన్సర్ ముదిరిపోయింది. అందుకే అన్నయ్యని నేనే ఆటో ఎక్కించి తీసుకొచ్చాను.

డాక్టరమ్మ అతని పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచి, పెదవి విరిచింది.

"ఏదో ఓ మూల పడున్న సరుకండీ. దానివల్ల ఎవరికేటి నష్టం?" అన్నాడు అన్నయ్య.

"మూల పడుండదండీ అది," అందావిడ. కడుపులో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదట, హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుందట. కొవ్వుతోపాటు లెప్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. పేగులో కణాలు అదుపు లేకుండా పెరగడానికి అది తోడవచ్చు. పేగుకి కాపు కాసే అడిపోనెక్టిన్ అనే ఇంకో హార్మోనేమో తగ్గిపోతుంది. పొట్టున్న ప్రతివాళ్లకీ క్యాన్సర్ వస్తుందని కాదు గానీ, ప్రమాదం పెరుగుతుంది. పైగా నాన్నగారి సంగతి ఉంది, రక్తం పడుతోంది. పేగులోకి కెమెరా పంపి చూడాల్సిందే అంది.

అన్నయ్య బుర్రకి ఒక్క ముక్క ఎక్కలేదని మొహమే చెబుతోంది. ఇక నేనే అందుకున్నాను.

"సరుకు కాదన్నయ్యా. నీ గోడౌన్లో దళారీ కూర్చున్నాడు. పొద్దస్తమానం పేగుకి ఫోన్లు చేసి, ఇంకా కణాలు పుట్టించు, ఇంకా పుట్టించు అంటున్నాడు."

దళారులతో అతనికి నిత్యం తగువే. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. పరీక్షకి ఒప్పుకున్నాడు.

పేగులో రెండు బుడిపెలు కనిపిస్తే తీసేసి ల్యాబుకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ వారమంతా నేను అతనితో ఒక్క వాదన పెట్టుకోలేదు.

"నువ్విలా ఊరుకుంటే నాకు బయమేత్తందే. ఏదో ఒకటి అను," అన్నాడు అన్నయ్య చివరికి.

క్యాన్సర్ కాదని వచ్చింది. వదిలేస్తే కొన్నేళ్లకి అటు తిరగగల రకమట. ఆసుపత్రి మెట్లు దిగకముందే నా నోరు తిరిగొచ్చింది. పొట్ట తగ్గాలి, పొద్దున్నే నడవాలి, బెల్లం రుచి చూస్తే ఉమ్మెయ్యాలి.

మాట మీద ఉన్నాడో లేదో చూద్దామని మార్కెట్టుకి వెళ్లాను. చీడికాడ నుంచి ఓ రైతు తెచ్చిన దిమ్మల ముందు నిలబడి ఉన్నాడు అన్నయ్య. ముక్క గిల్లి, చప్పరించి, పేపరు గ్లాసులో ఉమ్మేశాడు. రైతు మొహం మాడిపోయింది.

"ఏటి బాబూ, మా బెల్లం అంత సేదుగున్నాదేటి?"

"నీ బెల్లం బంగారంరా. నా కడుపులో ఓ దళారీ కూకున్నాడు. పేగుకి ఫోన్లు సేత్తాడంట. ఆడ్ని మేపొద్దని డాక్టరమ్మ సెప్పింది."

మాట నాది, పేరు డాక్టరమ్మకా! నిలదీద్దామని నోరు తెరిచేలోగా, రైతు అన్నయ్య పొట్టని ఈ చివర నుంచి ఆ చివరి దాకా నిదానంగా చూశాడు.

"ఒక్కడేనేటి బాబూ?" అన్నాడు.